పద్నాలుగో రోజు మీద ఎర్ర సున్నా

సోమవారం మధ్యాహ్నం పన్నెండూ పదికి ఆమె ఒక తప్పు చేసింది. పదేళ్ల ఉద్యోగంలో ఎన్నడూ చెయ్యని తప్పు. సొంత కాగితాలను మిల్లు కాగితాల్లో కలిపేసింది.

అద్దకం మిల్లు ల్యాబ్‌లో ఆమె పని రంగుకి కాపలా కాయడం. గుడ్డముక్కని చిన్న గ్లాసులో ముంచి, వేడి ఎంత, ఎన్నో నిమిషం అని గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి, చుక్కల్ని గీతగా కలుపుతుంది. ఆ గీత సరిగ్గా వస్తేనే కింద పెద్ద తొట్టెలో ఎనిమిది వందల మీటర్ల బట్ట దిగుతుంది. ఒకసారి తొట్టె వేడిని చూపే ముల్లు అరడిగ్రీ అబద్ధం చెబుతోందని మొత్తం లైనుని ఆపించింది. మేనేజరు అరిచాడు. ముల్లు విప్పి చూస్తే నిజంగానే అరడిగ్రీ. అప్పట్నుంచి మిల్లంతా ఆమెని ‘అరడిగ్రీ’ అనే పిలుస్తుంది.

చేతులు కడుక్కుని వచ్చేసరికి ల్యాబ్ మాస్టారు ఆమె బల్ల దగ్గరున్నాడు. అరవై దగ్గర పడ్డ మనిషి. కళ్లజోడు దారానికి వేలాడుతుంటుంది. రంగు నమూనాల షేడ్ కార్డుల అడుగున ఉన్న అయిదు గళ్ల కాగితాలు ఇప్పుడాయన చేతిలో ఉన్నాయి.

“ముప్ఫై ఆరు డిగ్రీల దగ్గర నడిపే రంగేంటమ్మాయ్? చన్నీళ్ల రంగా? కొనేవాడెవడు?”

ఆమె రోజూ పొద్దున మంచం దిగకముందే నాలుక కింద థర్మామీటర్ పెట్టుకుని చూసుకున్న వేడి అది. ఒక్కో కాగితం ఒక్కో నెలసరి. ఆయన నిమిషాలు అనుకుంటున్నవి రోజులు.

“అది… ఒక పార్టీ వాళ్లు ఇచ్చారు మాస్టారూ.”

“చూద్దాం.” ఆయన కాగితాల్ని అద్దం బల్ల మీద ఒకదానిమీద ఒకటి పరిచి కింద లైటు వేశాడు. అయిదు గీతలు ఒక్కసారిగా వెలిగాయి. కళ్లజోడు ఎక్కించి వంగాడు. ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరం?

“మొదట్లో కింద నడుస్తోంది. ఇరవై ఒకటీ ఇరవై రెండు దగ్గర సన్నగా లేచింది. లేచి నిలబడింది. చివర్లో దిగింది. అయిదు బ్యాచ్‌లూ ఇంతే! ఇంత నిలకడైన మెషీన్ మన మిల్లులో ఒక్కటి చూపించు.” ఆయన వేలు ఎడమవైపు జరిగింది. “మరి పద్నాలుగు మీద ఈ ఎర్ర సున్నా ఎవరు చుట్టారు?”

“పార్టీ వాళ్లే.”

“వాళ్లకి గీత చదవడం రాదు. పద్నాలుగు దగ్గర ఏం జరిగిందని? ఏం లేదు. జరిగేదంతా ఇరవై దగ్గర జరుగుతోంది. రంగుని పట్టించే ఉప్పుని పద్నాలుగు దగ్గర వేసి, పట్టలేదని ఏడిస్తే తప్పు మెషీన్‌దా?”

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

ఆ ఎర్ర సున్నాలు క్లినిక్ నర్సు చుట్టినవి. కాగితం వైపు పూర్తిగా చూడకుండా, గోడకున్న అచ్చు కార్డు చూసి, అయిదింటికీ వరసగా చుట్టింది. “పద్నాలుగో రోజు వదులుకోవద్దమ్మా” అంది. వాళ్లు వదులుకోలేదు. ఏడాదిగా ఒక్కసారి కూడా వదులుకోలేదు. చివరికి డాక్టరు వచ్చే నెలకి ఆమె పేరు మీద గర్భసంచి ట్యూబుల పరీక్ష రాశాడు. ఆమె ఒక్కదాని పేరు మీద. ఆడపడుచు అయితే రాసేదాకా కూడా ఆగలేదు. “మావాడిలో లోపం ఎందుకుంటుంది? ఆరడుగుల మనిషి!” అనేసింది.

మాస్టారు కాగితాలు వదిలి కాఫీకి వెళ్లాడు. ఆమె లైటు తియ్యలేదు.

ఒక కాగితం ముప్ఫై నాలుగో గడిలో ఆగిపోయింది. ఒకటి ముప్ఫై ఆరులో. మూడు ముప్ఫై అయిదులో. ఇందాక మాస్టారు ఎడమ అంచులు కలిపి పరిచాడు. లేచే చోట్లు ఒకటీ రెండు గళ్లు అటూ ఇటూ అయ్యాయి. ఆమె వేళ్లతో కాగితాల్ని మెల్లగా జరిపి కుడి అంచులు కలిపింది. చివరి రోజు మీద చివరి రోజు.

అయిదు గీతలూ ఒకే చోట లేచాయి.

చివర్నుంచి పద్నాలుగు. మొదట్నుంచి కాదు, చివర్నుంచి! గుడ్డు విడుదలయ్యాకే వేడి అలా లేస్తుంది. నెల పొడవుగా ఉన్నా పొట్టిగా ఉన్నా ఆమె ఒంట్లో సాగేదీ తగ్గేదీ ముందు సగమే. వెనక సగం దాదాపు కదలదు. అచ్చు కార్డు ఇరవై ఎనిమిది రోజుల వాళ్లకి వేసింది. వాళ్లకి రెండు వైపుల్నుంచి లెక్కపెట్టినా పద్నాలుగే వస్తుంది. ఆమెది ముప్ఫై అయిదు.

గీత కింద ఆమే పెట్టుకున్న సన్నటి చుక్కలు ఇంకో సంగతి చెప్పాయి. థర్మామీటర్ పెట్టెలో వచ్చిన కాగితం రాయమంది కాబట్టి రాసింది. కింద తడి కోడిగుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా, జారుడుగా ఉన్న రోజులవి, గుడ్డు విడుదలకి ముందొచ్చేవి. పదహారు నుంచి ఇరవై దాకా. ఆ చుక్కల్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఆమె కూడా రాసిందే తప్ప చూడలేదు.

పర్సులోంచి భర్త డ్యూటీ కార్డు తీసింది. ఓడలు వచ్చే దారిలో అడుగున పేరుకునే ఇసకని తోడే డ్రెడ్జరు మీద అతని ఉద్యోగం. మూడు వారాలు నీళ్ల మీద, రెండు వారాలు ఇంట్లో. మొత్తం ముప్ఫై అయిదు రోజులు. నీలం పెన్సిలుతో అతను పడవెక్కిన రోజుల్ని ఒక్కో కాగితం మీద గుర్తు పెట్టింది.

పదిహేను. పదిహేను. పద్నాలుగు. పదిహేను. పదిహేను.

ప్రతిసారీ అతను వెళ్లిన మర్నాడో ఆ మర్నాడో చుక్కలు మొదలయ్యాయి.

ఇవాళ ఆమెకి పదమూడో రోజు. ఎల్లుండి బుధవారం, పదిహేను. ఉదయం ఆరున్నరకి సిబ్బంది పడవ.

ఆమెకి ముప్ఫై ఆరేళ్లు నిండాయి. ఒక్కో నెలా ఎంత విలువైనదో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

* * *

ఇంటికి వచ్చేసరికి అతను నేల మీద కూర్చుని బూట్లకి గ్రీజు రాస్తున్నాడు. పక్కన సంచీ సగం సర్దుకుని ఉంది.

“ఏమండీ, ఇలా బాల్కనీలోకి రండి.”

“చెయ్యి చూడు ఎలా ఉందో.”

“అలాగే రండి.”

ఆమె ఆరిన బట్టలు తీసేసి, తీగ మీద క్లిప్పులు వరసగా పెట్టింది. లెక్కపెడుతూ ముప్ఫై అయిదు. అతను గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు.

“ఇది నా నెల. ఈ చివర నెలసరి మొదలైన రోజు. ఆ చివర, మళ్లీ మొదలయ్యే ముందు రోజు. ఇప్పుడు చూడండి.” కుడివైపు నుంచి పద్నాలుగు క్లిప్పులు వదిలి, ఆ పక్క క్లిప్పుకి అతని మేజోడు తగిలించింది. “గుడ్డు విడుదలయ్యేది దాదాపు ఇక్కడ. దాని ఆయుష్షు ఒక్క రోజు. మీ వాళ్లకి ఓపిక ఎక్కువ. మూడు రోజులు, కాలం కలిసొస్తే అయిదు రోజులు లోపలే ఎదురుచూస్తారు.”

“మా వాళ్లు మొదట్నుంచీ అంతేలే. మంచి సర్వీసు.”

“నవ్వకండి. అంటే ఈ గుడ్డు రోజూ, దాని ముందు అయిదు రోజులూ. నెల మొత్తం మీద మనకి పనికొచ్చేవి ఈ ఆరే.”

“పద్నాలుగన్నారుగా?” అతని గొంతులో నవ్వు తగ్గింది. “కార్డు మీద అచ్చేసి ఉంది. పోయినసారి జ్వరంలో కూడా మాత్ర వేసుకుని…”

“అది ఎదురింటావిడ పద్నాలుగు కావచ్చు. నాది కాదు. మనం ఏడాదిగా తప్పు రోజుకి కాపలా కాస్తున్నాం.”

రెండో మేజోడు తీసి పదిహేనో క్లిప్పుకి తగిలించింది. “ఇది మీరు పడవెక్కే రోజు.”

అతను తీగ వైపు చూస్తూ ఉండిపోయాడు. మేజోళ్ల మధ్య అయిదు క్లిప్పులు గాలికి కదులుతున్నాయి. పంపు చప్పుడు విని అడుగున ఇసకో రాయో చెప్పగల మనిషి. పదాలు తడుముకున్నాడు.

“అంటే అక్క నిన్ను అన్నవన్నీ… నేను పక్కనే కూర్చుని విన్నాను.”

“విన్నారు. ఆ పంచాయితీ తర్వాత పెట్టుకుందాం. ముందు పడవ సంగతి చూడండి.”

“ఆపేస్తాను. అక్కకి ఆపరేషన్ అని రాస్తాను.”

“మీ అక్క నిక్షేపంలా ఉంది. అయినా ఈ నెల ఆపరేషన్, వచ్చే నెల? మీ చార్టూ నా చార్టూ ఒకే పొడవండీ. కదపకపోతే వచ్చే ఏడాదీ ఇలాగే పక్కపక్కనే నడుస్తాయి, కలవకుండా. చార్టునే కదపాలి.”

“డ్యూటీలు వేసే చార్టమ్మని నేను అడగలేను. ఏం కారణం చెప్పను? మా జట్టు పెద్ద, సరంగు, అక్కడే ఉంటాడు. ఒక్క మాట చెవిన పడితే మూడు వారాలు ఓడ మీద నన్ను ఉతికి ఆరేస్తాడు.”

ఆమె అతని గ్రీజు చెయ్యి పట్టుకుని చూసింది. దాన్ని పాతగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది, వేలు తర్వాత వేలు.

“మీరు నా వెనకాల నిలబడండి చాలు. నేనడుగుతాను.”

* * *

జెట్టీ ఆఫీసులో ఒక గోడ నిండా బోర్డు. అడ్డంగా ముప్ఫై అయిదు గళ్లు, నిలువుగా మనుషుల పేర్లు, మధ్యలో రంగు రంగు పిన్నులు. ఎవరు నీళ్ల మీద ఉండాలో, ఎవరు నేల మీద ఉండాలో నిర్ణయించేది ఆ పిన్నులు. పిన్నుల్ని కదిపేది చార్టమ్మ. తెల్లజుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఉంటుంది. ఓడ కెప్టెన్లు కూడా ఆవిడ బల్ల ముందు టోపీ తీస్తారు.

మంగళవారం పదకొండింటికి అరపూట సెలవు పెట్టి వచ్చిన ‘అరడిగ్రీ’ ఆ బల్ల ముందు నిలబడింది. భర్త ఒకడుగు వెనక. పక్క బెంచీ మీద రేపటి పడవకి సంతకాలు పెట్టడానికి వచ్చిన నలుగురు కళాసీలు. పక్కనే వాళ్ల పెద్ద, సరంగు. బానపొట్ట, బొంగురు గొంతు.

“మా ఆయన రేపు ఎక్కడం ఒక వారం జరపాలండీ. తర్వాత కూడా ఆ వారం తేడా అలాగే ఉంచాలి.”

“కారణం?” చార్టమ్మ తలెత్తలేదు.

“సొంత పని.”

“సొంత పని లేనిదెవరికమ్మా? నాకు కారణం కావాలి.”

బెంచీ మీంచి సరంగు అందుకున్నాడు. “ఏం తమ్ముడూ? ఇంటి దగ్గర డ్రెడ్జింగ్ పనుందా?”

నలుగురూ పగలబడి నవ్వారు. భర్త మెడ ఎర్రబడింది. అతను తలుపు వైపు చూశాడు. కానీ కదల్లేదు.

ఆమె వెనక్కి తిరిగింది. “అవునన్నా. ఆరు రోజుల పని. ఏడాదిగా తప్పు చోట తోడుతున్నాం. ఇప్పుడు సరైన చోటు దొరికింది.”

నవ్వు సగంలో తెగింది. ఒక కళాసీ దగ్గాడు.

చార్టమ్మ ఈసారి తలెత్తింది. ఆమె బ్యాగులోంచి అయిదు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది, కుడి అంచులు కలిపి. ఒక్క మాట కూడా వివరించలేదు. ఇరవై ఏళ్లుగా గళ్లు చదివే మనిషికి వివరించడమెందుకు?

చార్టమ్మ కళ్లు ఎర్ర సున్నా మీద ఆగాయి. అక్కణ్నుంచి నీలం గుర్తుకి, చుక్కలకి, లేచిన గీతకి వెళ్లాయి. కాగితం చివర గడిలోకి చూసి, ఆ తర్వాత గోడ మీద బోర్డు చివర గడి వైపు చూసింది.

“ముప్ఫై అయిదు” అంది మెల్లగా.

“అవునండీ.”

“ఇది మూడూ రెండూ చెయ్యమని కంపెనీకి చెప్పింది నేనే. అంతకుముందు నాలుగూ రెండూ ఉండేది. ఇంటి దగ్గర ఆడవాళ్లకి మేలు చేశాననుకున్నాను.” ముడిలోంచి పెన్సిలు లాగింది. “ఒక్క వారం జరిపితే… ఎనిమిదో రోజుకి దిగుతాడు, ఇరవై రెండుకి ఎక్కుతాడు. సరిపోతుందా?”

“సరిపోతుందండీ. పదహారు నుంచి ఇరవై ఒకటి. ఒకరోజు అటూ ఇటూ అయినా పరవాలేదు.”

“పైపు దగ్గర ఇతని బదులు ఇప్పుడు ఓడ మీదున్న పంపు పెద్దాయన ఇంకో వారం ఉండాలి. వైర్‌లెస్‌లో అడుగుతాను. ఆయన కాదనడు.” ఆవిడ చెయ్యి పిన్ను మీదకి వెళ్లింది.

“ఆగండి” అంది ఆమె.

భర్త ఉలిక్కిపడ్డాడు. చార్టమ్మ చెయ్యి గాల్లో ఆగింది.

“ఆయన్ని కాదు, ముందు వాళ్లావిడని అడగండి. ఆవిడ లెక్కేంటో మనకి తెలీదు. నా ఆరు రోజుల కోసం ఆవిడవి తీసుకోకూడదు.”

ఈ మాట ఆమె ముందే ఆలోచించుకుంది. రాత్రంతా వెయ్యిసార్లు ఆలోచించి, ఆవిడ కాదంటే తనకి ఇంకో దారి లేదని కూడా తెలిసే వచ్చింది. అయినా అంది.

చార్టమ్మ ఆమెని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత ఫోను స్పీకర్లో పెట్టి నంబరు నొక్కింది.

“వదినగారూ, ఆఫీసు నుంచి. మీవారు ఇంకో వారం ఆగి వస్తే మీకేమైనా ఇబ్బందా? ఒక అమ్మాయికి నెలలో ఆ ఆరు రోజుల కోసం. మీకూ అలాంటిదేమైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.”

అటునుంచి ఫోను పగిలేలా నవ్వు.

“నాకు యాభై మూడమ్మా! ఆ లెక్కలు ముగిసి రెండేళ్లయింది. ఆయన్ని శుభ్రంగా ఉంచుకోండి, ఇల్లు ఇంకో వారం ప్రశాంతంగా ఉంటుంది. కాకపోతే బీపీ మాత్రలు ఎల్లుండికి అయిపోతాయి. ఆ అమ్మాయిని వచ్చి తీసుకెళ్లి రేపు పడవకి అందించమనండి. ఇదిగో అమ్మాయ్, వింటున్నావా?”

“వింటున్నానండీ.”

“నన్ను అడిగినదానివి నువ్వొక్కదానివే. ముప్ఫై ఏళ్లలో ఆయన్ని ఎప్పుడు పంపుతారో నాకు చెప్పారు. అడగలేదు ఎవరూ.”

చార్టమ్మ ఫోను పెట్టేసింది. నీలం పిన్నుని పీకి, ఏడు గళ్లు అవతల గుచ్చింది. బొటనవేలితో గట్టిగా, పిన్ను తల బోర్డుకి ఆనేదాకా.

మెట్లు దిగుతుంటే భర్త అన్నాడు, “అక్కకి ఇవాళే ఫోన్ చేస్తాను.”

“ఏమని?”

“నువ్వు నీ పని తప్పు లేకుండా చేశావని. మూడు నాలుగు నెలలు చూసి, రాకపోతే పరీక్షకి ఇద్దరం వెళ్తున్నామని. నాది ముందు చేయిస్తామని.”

రెండు మెట్లు దిగాక ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

* * *

బుధవారం ఆరుంబావుకి ఇద్దరూ మాత్రల పొట్లంతో జెట్టీకి వచ్చారు. పడవ ఇంజను అప్పటికే కొట్టుకుంటోంది. కళాసీలు సంచులు లోపలికి విసురుతున్నారు. భర్త అలవాటుగా పడవ వైపు రెండడుగులు వేసి, గుర్తొచ్చి ఆగిపోయాడు. ఆమె నవ్వింది.

పొట్లం అందుకున్నది సరంగు. అందుకుని పోకుండా అక్కడే నిలబడ్డాడు. పొట్లాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు.

“చెల్లెమ్మా. నిన్న… నోరు జారింది.”

“నేనూ గట్టిగానే అన్నాగా అన్నా. చెల్లు.”

“అది కాదు.” ఇంజను చప్పుడులో ఆ బొంగురు గొంతు దాదాపు వినపడలేదు. “మాకు పెళ్లయి ఆరేళ్లు. అందరూ మా ఆవిడనే… నేనూ అన్నాననుకో, ఒకట్రెండుసార్లు. ఆ కాగితాలు ఎలా చూడాలి?”

భర్త మొహం పక్కకి తిప్పుకున్నాడు, నవ్వడానికి కాదు.

“ఆవిడకి నెల ఎన్ని రోజులొస్తుంది?” అడిగింది ఆమె.

“అంటే?”

“ఒక నెలసరి మొదలైన రోజు నుంచి తర్వాతది మొదలయ్యే దాకా. ఇరవై ఆరా, ముప్ఫయ్యా, నాలాగా ముప్ఫై అయిదా?”

సరంగు నుదురు ముడిపడింది. సముద్రపు అడుగున ప్రతి గుంట లోతూ అంకెతో సహా చెప్పగలడని పేరున్న మనిషి.

“తెలీదు” అన్నాడు.

“ఇవాళ ఆవిడకి ఎన్నో రోజు?”

“తెలీదమ్మా.”

“అయితే నా కాగితాలు మీకెందుకన్నా? వాటిలో ఉన్నది నా లెక్క. మీ లెక్క ఇంట్లో ఉంది. ఆవిడ దగ్గర.” అన్నాక ఆ మాట కాస్త కటువుగా వినిపించిందేమోనని మెల్లగా కలిపింది. “ముందు అడగండి. మూడు నెలలు ఆవిడే రాస్తుంది, మీరు తేదీలు గుర్తుంచుకోండి. తర్వాత ఇద్దరూ మా ఇంటికి రండి. ఒకవేళ అన్నీ సరైన రోజులే అయితే ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరకి వెళ్లండి, ఇద్దరూ.”

పడవ కూత వేసింది. సరంగు దూకి ఎక్కాడు. తాడు విప్పారు. జెట్టీకీ పడవకీ మధ్య నీళ్లు వెడల్పవుతున్నాయి.

అతను లోపలికి వెళ్లలేదు. వెనక అంచున నిలబడి ఫోను తీశాడు. ఒక చెవి మూసుకుని, రెండో చెవికి ఫోను అదిమి, ఇంజను మీదుగా అరిచాడు.

“నేనే! ఏం కాలేదు, బానే ఉన్నాను! ఇవాళ నీకు ఎన్నో రోజు? ఆఁ? ఎన్నో రోజూ అంటున్నా! ఓడది కాదే, నీది! నీది!”

పడవ నిండా కళాసీలున్నారు. ఒక్కడూ నవ్వలేదు. ఒకడు వెళ్లి, అతనికి అవతలి మాట వినపడేలా ఇంజను జోరు తగ్గించాడు.